పాదచారి వంతు

విశాఖపట్టణమును గురించి నలుగురు చేరి మాటలాడుకొన్నపుడు 1933లో ప్రారంభమైన రేవును గురించి, 1948లో 'జల ఉష' నౌకను నీటిలోనికి విడిచిన ఓడల కర్మాగారమును గురించి, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారమును గురించి చెప్పుకొనుట పరిపాటి. వీటిలో పనిచేయు చేతులను గురించియు అప్పుడప్పుడు చెప్పుకొందుము. కాని ఆ చేతులను పనిచోటికి చేర్చు కాళ్లను గురించి చెప్పుకొనుట అరుదు. నేటి ప్రసంగములో మనము ఆ కాళ్లను గురించి, అవి ప్రతిదినము దాటవలసిన వీధులను గురించి, ఆ వీధులు కలియు కూడళ్లలో నిలబెట్టిన ఎర్ర, పచ్చ దీపములను గురించి కొంత ఆలోచింతము.

పాదచారి అనగా బండి లేని బీదవాడని చాలమంది అభిప్రాయము. ఇది సరియైన అభిప్రాయము కాదు. కారు గలవాడును కారు దిగిన క్షణమునుండి పాదచారియే. ఇక బస్సు ప్రయాణికుని సంగతి చూడుడు. గాజువాకలో నివసించు ఒక కార్మికుడు కూర్మన్నపాలెమునకు పోవుటకు ఉదయము రోడ్డుకు ఈ ప్రక్కన బస్సు ఎక్కెననుకొందము. సాయంకాలము తిరిగివచ్చు బస్సు ఆయనను రోడ్డుకు ఆ ప్రక్కన దింపును. రాకపోకలు రెండును బస్సులోనే అయినను, మధ్యనున్న జాతీయరహదారిని ఆయన దినమునకు ఒక్కసారియైనను కాలినడకను దాటకతప్పదు. మద్దిలపాలెములో దిగు విద్యార్థికిని, సింధియా దగ్గర దిగు ఓడల కర్మాగారపు ఉద్యోగికిని ఇదే లెక్క. బస్సు ఎక్కు ప్రతివాడును రోడ్డు దాటువాడే. కావున రోడ్డు దాటుట ఏ కొందరి బాధయో కాదు. నగరములో సగము ప్రయాణములకు అది తప్పనిసరి భాగము.

ఈ దాటుటను సులభము చేయుటకే సిగ్నలు దీపము పుట్టినదనిన మనలో కొందరికి ఆశ్చర్యము కలుగవచ్చును. వీధిలో మొట్టమొదటి సిగ్నలును 1868 డిసెంబరులో లండను నగరమున, పార్లమెంటు భవనము చెంత నెలకొల్పిరి. దానిని రూపొందించిన జె. పి. నైట్ అను ఆయన రైల్వే సిగ్నళ్ల ఇంజనీరు. వాల్తేరు రైల్వే కాలనీలలో పెరిగిన పాతతరము వారికి చేయి చాచి నిలుచు రైలు సిగ్నలు స్తంభము బాగుగా తెలియును. లండనులో నిలిపినది కూడ అట్టిదే. పగలు చాచిన చేయి, రాత్రి గ్యాసుదీపము. చేయి అడ్డముగా చాచినపుడు గుఱ్ఱములు, బండ్లు ఆగవలెననియు, నడిచిపోవువారు దాటవచ్చుననియు నాటి పోలీసు ప్రకటన సారాంశము. మరుసటి నెలలోనే గ్యాసు ప్రేలి, దానిని నడుపు పోలీసు జవాను గాయపడుటచే ఆ ప్రయోగము ఆగిపోయినది. అయినను దాని ఉద్దేశమును మనము గుర్తుంచుకొనవలెను. ఆ దీపము బండిని ఆపి మనిషిని పోనిచ్చుటకు వెలసినది.

1914లో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున విద్యుద్దీపముల సిగ్నలు వచ్చినది. అప్పటికి మోటారు కార్లు పెరిగినవి. ఒక వీధి కారు మరొక వీధి కారును ఢీకొనకుండ చూచుట దీపముల ప్రధానకార్యమైనది. 1958లో ఇంగ్లండులోని రోడ్డు పరిశోధనశాలకు చెందిన ఎఫ్. వి. వెబ్‌స్టర్ సిగ్నలు కాలమును నిర్ణయించుటకు ఒక సూత్రమును ప్రకటించెను. ఏ వీధికి ఎన్ని సెకన్లు ఇచ్చినచో వాహనముల మొత్తము నిరీక్షణ అత్యల్పమగునో ఆ సూత్రము చెప్పును. లోకమంతట ఇంజనీర్లు దానిని నేర్చుకొనిరి. అది చక్కని గణితము; అందు సందేహము లేదు. కాని ఆ గణితములో ఆలస్యము అనగా వాహనము ఆలస్యము మాత్రమే. ప్రక్కన నిలిచి చూచుచున్న మనిషి నిరీక్షణకు అందులో అంకె లేదు. లెక్కలోనికి రానివానికి పంపకములో వాటా ఎట్లు దక్కును?

పంపకమను మాటను మనము కావలెననియే వాడుచున్నాము. కూడలి అనునది ఉమ్మడి ఆస్తివంటిది. స్థలము ఒక్కటే, కావున కాలమును వంతులు వేసికొనవలెను. ఈ వంతులు ఎట్లు పడుచున్నవో ఒక్క ఉదాహరణముతో చూతము. నాలుగు వీధులు కలియు కూడలి ఒకటి ఉన్నదనుకొందము. పూర్తి ఆవృత్తి రెండు నిమిషములు. వీధికి ముప్పది సెకన్ల చొప్పున పచ్చదీపము. మన ఊళ్లలో సాధారణముగా ఒక్కొక్క వీధిని విడివిడిగా వదలుదురు. మనము తూర్పు వీధిని దాటవలెను. తూర్పు వీధికి పచ్చదీపమున్న ముప్పది సెకన్లు అక్కడినుండి కూడలిలోనికి వచ్చు బండ్లు ఆ వీధి ఒక సగమును నింపును. తక్కిన తొంబది సెకన్లలో ఉత్తరమునుండి, దక్షిణమునుండి, పడమటినుండి వంతుగా మరలివచ్చు బండ్లు రెండవ సగమును నింపును. అనగా ఆ రెండు నిమిషములలో తూర్పు వీధి రెండు సగములును ఏకకాలమున ఖాళీగా ఉండు క్షణము ఒక్కటియు లేదు!

ఎడమప్రక్కకు మరలు బండ్లు సిగ్నలుతో నిమిత్తము లేకుండ పోవచ్చునను ఏర్పాటు కూడ ఉన్నచో, ఎర్రదీపము వెలిగిన సగము సైతము పూర్తిగా ఖాళీ కాదు. ఇట్టి కూడలిలో నియమమును అక్షరాల పాటించి దాటగోరినవాడు ఎంతసేపు నిలిచినను అతని వంతు రాదు. వచ్చుటకు అది పట్టికలో వ్రాసియుండలేదు. అందువలన అతడు చేయునది మనమెల్లరము ఎరిగినదే. అరచేయి ముందుకు చాచి, బండ్లవంక చూచుచు, సగము రోడ్డు దాటి నడిమి గట్టుపై నిలిచి, మరల చేయి చాచి తక్కిన సగము దాటును. 1868లో స్తంభమునకున్న చేయిని నేడు పాదచారి తనతో మోసికొని తిరుగుచున్నాడు. ఆ నడిమి గట్టుపై ఇనుపకంచెయో పూలకుండీలో ఉన్నచో నిలుచుటకు జానెడు చోటు కూడ దొరకదు.

దాటుటకు కావలసిన కాలమెంత? ఆరు వరుసల రోడ్డులో వరుసకు మూడున్నర మీటర్ల చొప్పున ఇరువదియొక్క మీటరు. నడక వేగమును సెకనుకు 1.2 మీటర్లుగా తీసికొనుట ఇంజనీర్ల సంప్రదాయము. ఆ లెక్కను పదునెనిమిది సెకన్లు చాలును. కాని ఆ వేగము ఎవరిది? కాలు నొప్పిలేని యువకునిది. సెకనుకు 0.8 మీటరు నడుచు వృద్ధునికి ఇరువదియారు సెకన్లు పట్టును. మోకాలినొప్పితో కింగ్ జార్జి ఆసుపత్రికి వచ్చిన అవ్వకు, బిడ్డను చంకనెత్తుకొన్న తల్లికి, చేపలగంప నెత్తిన పెట్టుకొని పూర్ణా మార్కెట్టుకు పోవు జాలరి స్త్రీకి పదునెనిమిది సెకన్ల లెక్క వర్తించునా? గంప మోయునామె పరుగెత్తలేదు. తల త్రిప్పి ఇరుప్రక్కల చూడనైనను లేదు. ఈ సంగతి గుర్తించియే అమెరికాలో 2009లో వెలువడిన సిగ్నళ్ల నియమావళిలో నడక వేగపు ప్రమాణమును సెకనుకు నాలుగు అడుగులనుండి మూడున్నర అడుగులకు తగ్గించిరి. అరయడుగు తగ్గించుట చిన్నపనివలె తోచును. ఆ అరయడుగులో ఎందరో వృద్ధుల ప్రాణమున్నది.

మన నగరమునకు మరొక విశేషము కలదు. ఇది కొండలకును సముద్రమునకును నడుమ ఒదిగిన ఊరు. వీధులు ఎగుడుదిగుడులు. 'కె.జి.హెచ్. డౌన్', 'కలెక్టరాఫీసు డౌన్' అని పల్లములే బస్సు స్టాపుల పేర్లయినవి. పల్లములోనికి దిగు బండి వేగము దానంతట అదే పెరుగును. ఆగుటకు ఎక్కువ దూరము పట్టును. సమతలమున సైతము వేగము రెట్టింపైనచో, బ్రేకు వేసిన పిమ్మట బండి జారిపోవు దూరము నాలుగింతలగును. సగటు వేగము నూటికి ఒక పాలు పెరిగినచో మరణము కలిగించు ప్రమాదములు నూటికి సుమారు నాలుగు పాళ్లు పెరుగునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఇందుకు తోడు రేవు పట్టణమగుటచే బరువు లారీల రాకపోకలు మనకు ఎక్కువ. అంత ఎత్తున కూర్చున్న లారీ డ్రైవరుకు బండి ముందు అతి సమీపమున నిలిచిన పిల్లవాడు కనబడనే కనబడడు. అది అతని నిర్లక్ష్యము కాదు. లారీ నిర్మాణమే అట్టిది. కావున గీత వద్ద బండి నిలుచుట, ఆ గీత దాటుచోటికి కొంత వెనుకగా ఉండుట, ఇట్టి నగరములో ప్రాణరక్షణ సాధనములు.

కాలినడకవారి కొరకు పైవంతెనలు కట్టవచ్చును గదా యని కొందరు సూచింతురు. మంచి ఉద్దేశముతోనే సూచింతురు. జాతీయరహదారిపై వంతెన అడుగునకు 5.5 మీటర్ల ఎత్తు విడువవలెనని నియమము. వంతెన మందము కూడ కలుపుకొని ఆరు మీటర్లు దాటును. అనగా నలువది మెట్లు ఎక్కి, నలువది మెట్లు దిగవలెను. బండి సమతలమున పోవుటకు మనిషి రెండంతస్తుల మేడ ఎక్కి దిగవలెనన్నమాట. గంప మోయునామె ఎక్కగలదా? చక్రములకుర్చీలో ఉన్నవాడు ఎక్కగలడా? వాహనములు ఆగకుండ అతివేగముగా పోవు రహదారిపై, లిఫ్టుతో కూడిన వంతెన ఉండవలసినదే. ఊరి నడిబొడ్డున మాత్రము దాటుచోటు నేలమీదనే ఉండుట న్యాయము. ఎక్కువమంది ఎక్కని వంతెన ప్రకటన పలకలకు తప్ప మరెవరికిని ఉపకరింపదు.

ఇక శాసనము ఏమి చెప్పుచున్నదో చూతము. మోటారు వాహనముల చట్టము 1988 నాటిది. దానికి లోబడి 2017లో వెలువడిన డ్రైవింగు నిబంధనల ప్రకారము, సిగ్నలు లేని జీబ్రా చారల వద్దకు వచ్చిన డ్రైవరు వేగము తగ్గించి, ఆగి, పాదచారులకును చక్రములకుర్చీలలో వచ్చువారికిని దారి ఈయవలెను. ఈయవచ్చునని కాదు, ఈయవలెనని గమనింపుడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల సౌకర్యములపై 1988లో ప్రమాణములు ప్రకటించి, 2012లో వాటిని సవరించినది. ఫుట్‌పాతుపై కనీసము 1.8 మీటర్ల వెడల్పున అడ్డులేని నడకదారి ఉండవలెనని అందున్నది. రోడ్డు నిర్మాణమున ప్రమాణములను పాటింపక ప్రాణనష్టమునకు కారణమైన అధికారసంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయలవరకు జరిమానా విధించు సెక్షనును 2019 సవరణ చట్టములో చేర్చిరి. ఫుట్‌పాతు పాదచారుల హక్కనియు, అది రాజ్యాంగము 21వ అధికరణము హామీ యిచ్చు జీవనహక్కులో భాగమనియు 2025 మే 14న సుప్రీంకోర్టు స్పష్టము చేసినది. కావున శాసనములకు కొరత లేదు. కొరత ఉన్నది సెకన్లకు.

ఆ కొరత వెల ఎంతయో కేంద్రప్రభుత్వపు లెక్కలే తెలుపుచున్నవి. 2022లో దేశమునందు రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. అందులో 32,825 మంది పాదచారులు. దినమునకు సగటున తొంబది మంది. మొత్తములో దాదాపు అయిదవ వంతు. సిగ్నలు పట్టికలో వంతు లేనివారికి మరణముల పట్టికలో మాత్రము ఇంత పెద్ద వంతు పడినది.

పాదచారులకు క్రమశిక్షణ లేదని ఆక్షేపించువారు కలరు. ఈ ఆక్షేపణలో నిజము లేకపోలేదు. సెల్‌ఫోను చూచుచు రోడ్డులోనికి అడుగిడువారిని, పది అడుగుల దూరములో జీబ్రా చారలుండగా అడ్డముగా పరుగెత్తువారిని సమర్థింప పనిలేదు. కాని అర నిమిషము మించి నిలువవలసివచ్చినచో పాదచారి ఓర్పు సడలునని ఇంజనీర్లు ఏనాడో గ్రహించిరి. రెండు నిమిషములు నిలిపి, ఆపైనను వంతు ఈయక, దాటినవానిని నిందించుట ధర్మమా? ఆకలిగొన్న బంతిలో ఒకని విస్తరి మాత్రము వదలి వడ్డించి, అతడు చేయి చాచెనని కోపగించినట్లుండును.

వాహనములకు ఆలస్యమగునను మాటయు ఉన్నది. నూటయిరువది సెకన్లలో ఇరువదియారు పాదచారికి ఇచ్చినచో బండ్ల బారులు కొంత పెరుగును. ఇది దాచవలసిన విషయము కాదు. అందుచేతనే ప్రతి కూడలిలోను అన్ని బండ్లను ఆపుమని మేము కోరుటలేదు. బస్సు స్టాపులు, ఆసుపత్రులు, బడులు, మార్కెట్లు ఉన్నచోట్ల అట్లు చేయవలెను. తక్కినచోట్ల చిన్న ఉపాయములు చాలును. ఆవృత్తిని కుదించినచో నిరీక్షణ తగ్గును. నడిమి గట్టున ఒక కుటుంబము నిలుచుటకు చాలినంత చోటు కంచె లేకుండ విడిచినచో, రెండు దఫాలుగా నిర్భయముగా దాటవచ్చును. న్యూయార్కులో అనేక కూడళ్లయందు బండ్లకు పచ్చదీపము వెలుగుటకు కొన్ని సెకన్లు ముందుగా పాదచారికి దారి నిత్తురు. అతడు రోడ్డు మధ్యకు వచ్చియుండుటచే మరలు బండ్ల డ్రైవర్లకు చక్కగా కనబడును. జపానులో కొన్ని దాటుచోట్ల అంధుల కొరకు కోకిలకూతవంటి ధ్వని వినిపింతురు. వీటికి కోట్లు అక్కరలేదు. కావలసినవి సున్నమువంటి తెల్లరంగు, కొన్ని దీపములు, పట్టికలో ఒక క్రొత్త వరుస.

ఇట్టివి మన ఊరికి కొత్తవని, సాధ్యము కావని చెప్పువారికి మన ఊరే సమాధానము చెప్పుచున్నది. ఏటేట ఆషాఢ పూర్ణిమకు సింహాచలము గిరిప్రదక్షిణము జరుగును. సుమారు ముప్పదిరెండు కిలోమీటర్ల దారి. లక్షలమంది పాదచారులై రాత్రి తెల్లవార్లు నడుతురు. హనుమంతవాకవంటి మహా కూడళ్ల వద్ద ఆనాడు ఆగునది బండి, సాగునది మనిషి. పోలీసువారు దారి మళ్లింతురు. దారిపొడుగున గృహస్థులు మంచినీళ్లు అందింతురు. లారీలు వేచియుండును. దానివలన రేవు మూతపడలేదు, కర్మాగారము ఆగలేదు. అట్లే వేకువజామున బీచి రోడ్డులో కొంత మేర బండ్లను ఆపి, ఆరోగ్యము కొరకు నడచువారికి విడిచిపెట్టుట ఈ నగరము ఎరిగిన ఏర్పాటే. భక్తి కొరకు నడచువానికి, ఆరోగ్యము కొరకు నడచువానికి దారి ఇచ్చిన ఊరు, బ్రతుకు తెరువు కొరకు నడచువానికి ఇరువదియారు సెకన్లు ఈయలేకపోవునా?

ఇందులో శ్రోతలు చేయదగిన పని ఒకటి కలదు. జాతీయరహదారి కేంద్రసంస్థ అధీనములోను, నగరవీధులు మహానగరపాలక సంస్థ అధీనములోను, రాకపోకల అదుపు పోలీసుశాఖ అధీనములోను ఉండుటచే పాదచారి ఎవరి పద్దులోను పూర్తిగా చేరడు. కాబట్టి అతనిని గురించి మనమే అడుగవలెను. క్రొత్త కూడలిని, క్రొత్త వంతెనను, క్రొత్త సిగ్నలును ప్రారంభించునపుడు దానివలన వాహనములకు ఎన్ని నిమిషములు కలిసివచ్చునో మనకు చెప్పుదురు. ఆ మాట విని సంతోషింతము. సంతోషించి, ఇక్కడ మనిషి దాటుటకు ఎన్ని సెకన్లు ఇచ్చినారని మర్యాదగా ప్రశ్నింతము. తమ వీధిచివరి కూడలిలో గడియారము చూచి ఆ సెకన్లు లెక్కించి, వార్డు సభ్యునికి ఒక కాగితముపై వ్రాసియిచ్చుటకు ఏ విద్యయు అక్కరలేదు. బడిపిల్లలైనను చేయగలరు, వారికది మంచి లెక్కల పాఠము కూడ అగును.

బండి నడుపువారితోను ఒక మాట. తెల్లచారల వద్ద బ్రేకుపై కాలు మోపుట వలన పోవునది నాలుగు క్షణములు. ఎదుట చేయి చాచి నిలిచినవాడు ఆ చేతితో మనలను బ్రతిమాలుచున్నట్లు కనబడును. నిజమునకు అతడు అడుగుచున్నది చట్టము తనకు ఇచ్చిన దారిని. అతనిని దాటనిచ్చి సాగిపొండు. సాయంకాలము మరొక వీధిలో బండి దిగినపుడు మనమును అట్లే నిలువవలసియుండును.